ఎత్తుమేడ మీది ముఖం

మీ ఇంటి మీద వేలాడుతున్న దిష్టిబొమ్మ ముఖాన్ని మీరు ఎప్పుడైనా సరిగ్గా చూశారా?

చూసి ఉండరు. దాన్ని కట్టింది మీరు చూడడానికి కాదు, ఎదుటివాడు చూడడానికి. ఎదుటివాడి చూపులో విషం ఉందనీ, ఆ విషం ముందు బొమ్మ మీద పడి విరిగిపోతుందనీ, ఇక మీ ఇల్లు చల్లగా ఉంటుందనీ మీ నమ్మకం. ఆ నమ్మకానికి వ్యతిరేకంగా నేను ఎన్నో ఊళ్లలో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వను. ఒక మనిషిని గురించి చెబుతాను.

పోయిన వారం కోదాడలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి రైసుమిల్లు వైపు చూశాను. కొత్తగా కడుతున్న గోదాము మీద దిష్టిబొమ్మ నిలబెట్టి ఉంది. గడ్డి కుక్కిన చొక్కా, తలకాయకు బోర్లించిన కుండ. సున్నం పూసిన ఆ కుండ నిండా నల్లటి చుక్కలున్నాయి. ఎక్కడ చూసినా దిష్టిబొమ్మకు రెండు గుడ్లు మిటకరించి ఉంటాయి. దీనికి ఎడమ కన్ను మూసి ఉంది. నోరు ఒక పక్కకు వంగి, అప్పుడే ఏదో హాస్యమాడబోతున్నట్టుంది. ఆ నోరు నాకు తెలుసు. బస్సు దిగిపోయాను.

మిల్లు ముందు గుమస్తా ఎదురయ్యాడు. బొమ్మ చూపించి అడిగాను.

"అదాండీ? మా దగ్గర పైన కూర్చునేవాడు చూడండి, మచ్చల మొఖమాయన, ఆయన పోయాడండి ఎండాకాలంలో. వడదెబ్బ. పైన్నే పోయాడు. పొద్దూకే దాకా మాకెవరికీ తెలవలేదు. రోజూ కదలకుండా కూర్చునే మనిషే గదా అనుకున్నాం. అట్టాంటి మొఖం మళ్లీ దొరకదని మా దొర కుమ్మరికి చెప్పి అచ్చం ఆయన మాదిరే చేయించాడు. బాగా కుదిరిందా అండీ?"

కుదిరింది.

ఆయన్ని నేను మొదట చూసింది సూర్యాపేట గంజ్‌లో, ఎత్తుమేడ లేస్తున్న రోజుల్లో. పోరాటపు రోజుల గడబిడలు సద్దుమణిగి, పట్నంలో తలదాచుకున్న సావుకార్లు ఒక్కొక్కరే తిరిగివచ్చి దుకాణాల తాళాలు తీస్తున్న కాలం. వారిలో ఒకాయన బొంబాయి కూడా చూసి వచ్చాడు. అక్కడ వ్యాపారస్తులు ఆఫీసుల మీద ఆఫీసులు పేర్చుకుంటారనీ, కింద నిలబడి చూస్తే మెడ పట్టేస్తుందనీ కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ధాన్యం గంజ్ నడిబొడ్డున తనూ కట్టాడు. కింద రైతుల ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం, దాని మీద లారీ ఆఫీసు, ఆపైన ఒక వకీలు, ఒక బీమా ఏజెంటు. అన్నిటికన్నా పై అంతస్తుకు ఎవరూ కిరాయికి రాలేదు. అంత ఎత్తు ఎక్కే ఓపిక మా ఊళ్లో వ్యాపారానికి లేదు. అందుకే తరువాత అందులో ఒక గది మా చర్చా సంఘానికి చవకగా దొరికింది.

మోతె నుంచీ మునగాల నుంచీ ధాన్యం తెచ్చిన రైతులు ఎడ్లను విప్పకముందే ఆ మేడ ముందు నిలబడి తల వెనక్కి వంచేవాళ్లు. తలరుమాళ్లు జారి వీపు మీద పడేవి.

"ఓరి, గంత మీదికెక్కి ఏం లెక్కలు రాస్తర్రా?"

"కిందున్నోళ్లకు కనబడనియి రాస్తరు. నువ్ మూట దించు."

ఇంకా పరంజా ఉండగానే మేడ మీద గడ్డిబొమ్మ కట్టారు. ఒకనాటి గాలికి అది ఎగిరి పక్క గల్లీలో పడింది. అదే రోజు పరంజా తాడు తెగి ఒక మేస్త్రీకి కాలు విరిగింది. తాడు పుచ్చిపోయిందని కూలీలందరికీ తెలుసు. కొత్త తాడు తెమ్మని అడిగితే సావుకారి రేపు, మాపు అన్నాడని కూడా తెలుసు. అయినా ఆ సాయంత్రం గంజ్‌లో ఒక్కడు తాడు మాట ఎత్తితే ఒట్టు. అందరి నోటా ఒకటే మాట. బొమ్మ లేకపోయేసరికి దిష్టి మనిషికి తగిలింది.

ఆ పనిలోనే ఇటుకలు మోసే కూలీ ఒకాయన ఉన్నాడు. చిన్నప్పుడు మశూచి వచ్చి ముఖమంతా గుంటలు చేసి, ఎడమ కన్ను తీసుకుపోయింది. పెళ్లాం పోయింది. ఒక్కతే కూతురు, మిర్యాలగూడలో కాపురం చేసుకుంటోంది. ఆయన పై అంతస్తులో పిట్టగోడ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి నిలబడితే, కిందనుంచి మేడను చూస్తున్నవాళ్ల కళ్లు ఆయన మీద ఆగిపోయేవి. "అబ్బ, ఏం మొఖంరా వానిది!" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. మేడ మాట మరిచిపోయేవాళ్లు. సావుకారి గుమస్తా ఒకడు ఇది కనిపెట్టాడు. మరునాటి నుంచి ఆయన తల మీద ఇటుకల తట్ట లేదు. ముఖానికి సున్నం పూసి, మచ్చల మీద బొగ్గుతో చుక్కలు పెట్టి, చారల కోటు ఒకటి తొడిగి పిట్టగోడ మీద కూర్చోబెట్టారు. కూలికి రెండింతల జీతం.

కొంతకాలం పోయాక మేడ పూర్తయింది. పరంజా విప్పేశారు. ఆయన్ని మాత్రం దించలేదు.

మెట్లెక్కి మా గదికి పోయేవాణ్ని, రోజూ ఆయన్ని దాటుకుని పోవాలి. మొదటి రోజే అడిగాను, ఇదేం పని, సిగ్గుగా లేదా అని.

"సిగ్గెందుకు పంతులూ? మశూచి సగం పని చేసి పోయింది. మిగిలింది నేను చేస్తున్న" అని నోరు పక్కకు వంచి నవ్వాడు. "ఇటుకలు మోస్తుంటే నా మొఖం ఊకెనే ఉండె. ఇప్పుడు కిరాయికి పోయింది. కిరాయి మంచిగొస్తుంది."

ఆయన హాస్యాలన్నీ ఇలాగే ఉండేవి. కింద ఎవరైనా ముక్కున వేలేసుకుని చూస్తే, పోయిన కంటికి రెండు వేళ్లు ఆనించి సలాం చేసేవాడు. వకీలు మెట్ల మీద ఆయాసపడుతుంటే, "ఇంకొంచెం పైకి రాండ్రి వకీలు సాబూ, మీ కక్షిదారులు గీడికెళ్లి చీమల్లెక్క కనబడ్తరు" అనేవాడు. వకీలు తిట్టేవాడు, నవ్వేవాడు.

కానీ ఒక చేష్ట ఉండేది. అది చూసిన నాటి నుంచి నాకు ఆయన హాస్యానికి నవ్వు రాలేదు. పసిపిల్లను చంకనేసుకుని ఏ తల్లి అయినా ఆ దారిన పోతే, ఆయన ఉన్న ఒక్క కన్నూ గట్టిగా మూసుకునేవాడు. తల్లి గల్లీ మలుపు తిరిగేంతసేపు లెక్కపెట్టుకున్నాకే తెరిచేవాడు. సాయంత్రం నల్లా దగ్గర ముఖం రుద్ది రుద్ది కడుక్కునేవాడు. సున్నం పోయాక కూడా రుద్దేవాడు.

"పోయింది గదయ్యా సున్నం" అన్నాను ఒకరోజు.

"సున్నం పోయింది. లోపటిది పోలే."

"లోపల ఏముంది?"

"గంజ్‌కొచ్చినోళ్ల సూపులన్నీ నా మీదనే గద పడేది. పడ్డయి ఏడికి పోతయి పంతులూ? కుండల నీళ్లు పోసినట్టు నాలనే నిండుతయి. ఇగ నేను ఎవర్నన్న నిమ్మలంగ సూస్తే ఒలుకుతయి."

నేను చదువు చెప్పే బడినుంచి అద్దం తెచ్చి చూపించాను. వెలుతురు కంటిలోకి పోతుందే తప్ప కంటిలోంచి ఏదీ బయటికి రాదని చెప్పాను. చీకటి గదిలో ఎవరి చూపూ ఎందుకు పనిచేయదో ఆలోచించమన్నాను. శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. మరునాడు పసిపిల్ల కనబడగానే మళ్లీ కన్ను మూశాడు.

మా సంఘంలో ఒక ఆదివారం దృష్టిదోషం ఉందా లేదా అని చర్చ పెట్టాం. లేదని నేను, ఉందని వకీలు. మేడ సావుకారిదే కాబట్టి ఆయనే అధ్యక్షుడు. నేను మంచి ఊపులో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర చారల కోటుతో కూర్చున్న ఆయన లేచి, చేతులు కట్టుకుని అడిగాడు:

"పంతులు లేదంటున్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. మరి నాకు జీతమెందుకిస్తున్నరు దొరా?"

గది ఘొల్లుమంది. సావుకారి కూడా నవ్వి, సభ అయిపోయాక నన్ను పక్కకు పిలిచాడు. "పంతులుగారూ, దిష్టి లేదని నాకూ ఎరికే. బొంబాయిల ఎవ్వరన్న బొమ్మ కట్టిండ్రా? అంతంత మేడలు! కానీ రైతు కడుపు మండి నా మేడను సూస్తే ధాన్యం పక్క దుకాణానికి తోలుతడు. ఈయన్ను సూసి నవ్విండనుకోండ్రి, నవ్వుకుంట నా దుకాణంలకే వస్తడు. ఇది వ్యాపారం."

అజ్ఞానితో వాదించవచ్చు. తెలిసి అజ్ఞానాన్ని జీతమిచ్చి పోషించేవాడితో ఏం వాదిస్తారు? మూఢనమ్మకం బీదవాళ్ల గుడిసెల్లో పుడుతుందని చదువుకున్నవాళ్లు రాస్తుంటారు. నేను చూసింది వేరు. దానికి నాలుగంతస్తుల మేడ కట్టి, పైన కూర్చోబెట్టి, తిండి పెట్టి పెంచారు. నమ్మనివాడు కిందనున్న గల్లాపెట్టె దగ్గర, నమ్మేవాడు పైన ఎండలో.

ఆ వానాకాలంలో మిర్యాలగూడ నుంచి లారీ డ్రైవరు ఒక కబురు తెచ్చాడు. కూతురికి ఆడపిల్ల పుట్టింది, తొట్టెలలో వేస్తున్నారు, నాయిన రావాలి.

ఆయన పిట్టగోడ మీద కూర్చుని ఆ కబురు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. తరువాత, "నేను రాలేనని చెప్పు తమ్మీ" అన్నాడు.

నేను ఊరుకోలేదు. కొన్నాళ్లు అదే పని పెట్టుకున్నాను. చివరికి ఆయన విసుక్కున్నాడు. కోపంగా మాట్లాడడం అదొక్కసారే విన్నాను. "మీ మాట నిజమే కావొచ్చు పంతులూ. కాదనుకో, అప్పుడు? మీదేం పోతది? ఇంకో ఆదివారం ఇంకో మీటింగు పెట్టుకుంటరు. పొయ్యేది నా మనమరాలు."

"నిజమైతే?" అన్నాను. "నిజమైతే నువ్వు పోగొట్టుకునేది ఎవరిని?"

మరునాడు సున్నం పూయించుకోకుండా వచ్చి, "గడప దాక వస్త. గంతే" అన్నాడు.

ధాన్యం లారీ మీద పోయాం. పెన్‌పహాడ్ దాటాక లారీ బురదలో దిగబడితే, అందరికన్నా ముందు దిగి భుజం పెట్టింది ఆయనే. దారంతా కొత్త తువ్వాలను మడతపెట్టి విప్పుతూ, విప్పి మడతపెడుతూ కూర్చున్నాడు. పిల్లకు కొన్న వెండి మురుగులు అందులో ఉన్నాయి.

మిర్యాలగూడలో కూతురి ఇల్లున్న గల్లీ మొదట్లోనే కన్ను మూసుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. గడప దగ్గర వియ్యపురాలు అడ్డంగా నిలబడింది.

"వచ్చినవా అన్నా? మంచిదే. జర గాడనే నిలబడు. పసిగుడ్డు."

"లోపటికి రాను సెల్లె. నాకెరికే."

నాకు ఒళ్లు మండింది. ఆ గల్లీలోనే మొదలుపెట్టాను. వెలుతురనీ, కన్ననీ, ఇది మనిషికి అవమానమనీ. ఆడవాళ్లు చాటలు పట్టుకుని బయటికి వచ్చి విన్నారు. ఒక ముసలామె మెచ్చుకోలుగా, "బలే చెప్తున్నడు పంతులు" అంటూనే తన మనవణ్ని కొంగు చాటుకు లాక్కుంది.

ఇంతలో కూతురు పిల్లనెత్తుకుని వచ్చింది. అత్త చెయ్యి తోసేసి గడప దాటింది.

"నాయినా, కన్ను తెర్వు."

"వద్దు బిడ్డా."

"ఒక్కపారి. నా పానం మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నువ్ చెప్పు, నేను ఇంట. జుట్టున్నదా?"

"నిండ ఉన్నది."

"రంగు?"

"మా అమ్మ రంగు."

"ముక్కో?"

"నీదే నాయినా."

మూసిన కన్ను మూసినట్టే ఉంది. నోరు మాత్రం పక్కకు వంగి నవ్వింది. చెయ్యి ముందుకు చాచి గాలిలో తడిమాడు. ఆమె పిల్లను ఆ చేతిలో పెట్టబోయింది. వియ్యపురాలు వచ్చి పిల్లను లాక్కుని లోపలికి పోయింది. చాచిన చేతిలో ఏమీ లేదని ఆయనకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తువ్వాలను మూటగానే కూతురి వైపు చాచి, నా భుజం వెతుక్కుని, "పోదాం పంతులూ" అన్నాడు.

ఆయన్ని అక్కడికి తీసుకుపోయినందుకు నాకు విచారం లేదు. మళ్లీ అయినా తీసుకుపోతాను. కానీ తరువాత జరిగినదాని ముందు నా తర్కం పనికిరాలేదు. కొద్ది రోజులకే పిల్లకు జ్వరం వచ్చింది. ఆ వానాకాలం మిర్యాలగూడలో చలిజ్వరం తగలని ఇల్లు లేదు. దోమలు ఎవరి ముఖమూ చూసి కుట్టవు. కూతురే దవాఖానకు తీసుకుపోయి మందు పట్టించింది, జ్వరం తగ్గింది. అయితే ఆలోగా జ్వరం కబురు సూర్యాపేటకు చేరింది. ఆయన ఇక మిర్యాలగూడ పొలిమేర తొక్కనని మొక్కుకుని, నయమైందన్న కబురు రాగానే, ఇంకా దూరంగా ఉంటానని కోదాడ పోయే లారీ ఎక్కేశాడు. కోదాడ మిల్లు వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారట. మందు పనిచేసింది. పేరు మొక్కుకు వచ్చింది.

"సూసినవా పంతులూ, ఇగ రానని నేను మొక్కంగనే పిల్లకు నయమైంది" అన్నాడు లారీ మీది నుంచి. ఓడిపోయినవాడి మాటలా లేదు అది. మనమరాలిని తానే బతికించుకున్నానన్న గర్వం ఉంది. ఆ గర్వాన్ని ఏ అద్దం చూపించి పగలగొట్టమంటారు? లారీ కదిలింది. పోయిన కంటికి రెండు వేళ్లు ఆనించి సలాం చేశాడు. ఆయన్ని ప్రాణంతో చూడడం అదే ఆఖరు.

కోదాడలో ఆ బొమ్మను చూసిన మరునాడే మిర్యాలగూడ పోయాను. చావు కబురు చెప్పాలేమో అనుకున్నాను. కూతురికి అప్పటికే తెలుసు. ఇంటికి కొత్తగా ఒక గది కలుపుకుంటున్నారు. గోడలు లేచాయి. తలెత్తి చూశాను. గోడ మీద ఆయనే ఉన్నాడు. సున్నం కుండ, నల్ల చుక్కలు, మూసిన ఎడమ కన్ను, పక్కకు నవ్వే నోరు. కోదాడ కుమ్మరి ఒక్కదానితో ఆపలేదు. బాగా అమ్ముడుపోతున్నాయట.

"ఎవరు తెచ్చారమ్మా ఇది?"

"మా అత్తనే" అంది. "ఆ మొఖం మంచిగ పని చేస్తదని అందరంటన్నరట. పానముండంగ గడప తొక్కనియ్యలే. సచ్చినంక ఇంటి మీద కూసోబెట్టుకున్నది."

వియ్యపురాలు వాకిట్లో వడ్లు చెరుగుతూనే జవాబిచ్చింది. "తప్పేమున్నది పంతులూ? ఆయనను నేను చెడ్డోడన్ననా? ఆ మొఖం గంత దూరంల ఉంటే అందరికీ మేలే గద."

నిచ్చెన గోడకే ఆనించి ఉంది. నేను దాని మీద చెయ్యి వేశాను. "దించేస్తానమ్మా. పగలగొడతాను. మీ నాయనకు ఈ గతి వద్దు."

కూతురు వచ్చి నిచ్చెన పట్టుకుంది. "దించుతరా?" అంది నెమ్మదిగా. "దించుండ్రి. మీరు చెప్పేది నిజమే. గిప్పుడు దించితే మా నాయిన మళ్ల ఎటు పోవాలె పంతులూ? కోదాడకా?"

చంకలో పిల్ల ఉంది. ముక్కు ఆయనదే. తల్లి గిన్నెలోంచి మెతుకులు కలిపి ముద్ద చేసి, పైకి వేలు చూపించింది. పిల్ల గోడ మీదికి చూసి నవ్వి నోరు తెరిచింది. బతికినన్నాళ్లూ పసిపిల్లల ముందు గట్టిగా మూసుకున్న ఆ కుడికన్ను, కుండ మీద బాగా తెరిచి ఉంది. చూస్తోంది.

నిచ్చెన మీది నుంచి నా చెయ్యి తీసేశాను. అక్కడి నుంచి వచ్చేశాను. ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉంది.

మీకు ఆ అడ్డం లేదు. మీ ఇంటి మీదున్నది మీ నాయన కాదు, వేరే ఎవరి నాయనో. నిచ్చెన వేయండి. ఎక్కండి. ఆ ముఖాన్ని దించి, ఎవరినో ఎండలో కూర్చోబెట్టి మీరు నీడలో ఉండడం ఈ రోజుతో మానండి. తన చూపంటే తనకే భయం పుట్టేలా మనం చేసిన మనిషి ఎవరైనా మీ గడప బయట కళ్లు మూసుకుని నిలబడి ఉంటే, ఉపన్యాసం ఇవ్వకండి. నేను ఇచ్చి చూశాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురండి. మీ పిల్లను ఆ చేతుల్లో పెట్టండి.